పాత లారీకి వేఱొక ఇంజను
(సంఘపు ఆదివార సమావేశములో చదివిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై సాధారణముగా సాహిత్యమును గూర్చియు, మన పిల్లల తెలుగు చదువును గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. ఈ మారు కార్యవర్గమువారు లారీ మరమ్మతు షెడ్డు నడుపుకొను మమ్ము పిలిచి, పాత లారీకి వేఱొక ఇంజను అమర్చుటను గూర్చి చెప్పుడనిరి. ఇది సభలో చెప్పదగిన విషయమేనా యని మొదట సంకోచించితిమి. కాని మన సంఘపు కుటుంబములలో ఎన్ని యిండ్లు లారీ చక్రముపై నిలిచియున్నవో తలచికొనగా ఆ సంకోచము తీరినది. హోసూరు, కృష్ణగిరి మొదలుకొని నామక్కల్, కోయంబత్తూరుల వఱకు మనవారిలో యజమానులు, డ్రైవర్లు, మేస్త్రీలు, బాడీ కట్టువారు తరతరములుగా నున్నారు. కోయంబత్తూరు దాపున కలంగల్ గ్రామమున 1893లో తెలుగు మాటలాడు కుటుంబమునందు జన్మించిన జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చి, పళనిల నడుమ ఒక్క బస్సుతో పని మొదలిడిన సంగతి మనలో తెలియనివారు తక్కువ. కావున ఇంజను మాట మన సభకు పరాయి మాట కాదు.

మేము చెప్పబోవునది రోడ్డుపై బరువు మోసి కుటుంబమును పోషించు లారీని గూర్చి. మెఱుగుపెట్టి ప్రదర్శనకు నిలుపు బండిని గూర్చి గాదు.

ఇంజను మార్చవలసిన గతి యెప్పుడు పట్టును? సిలిండరు బ్లాకు పగిలినప్పుడు పట్టును. క్రాంకు షాఫ్టును తుదికొలత వఱకు అరుగదీసి, ఇక లేతు పనికి చోటు మిగులనప్పుడు పట్టును. లేదా ఆ ఇంజనునకు సామాను దొరకుట మానినప్పుడు పట్టును. క్రొత్త లారీ కొనుటకు అప్పు చేయ ధైర్యము చాలదు. పాతదానిని తుక్కునకు వేయ మనసొప్పదు. అప్పుడు యజమాని యింటిలోని నగలు కుదువబెట్టియైనను ఒక పాత ఇంజనునకు బయానా ఇచ్చి, మా షెడ్డునకు వచ్చి, “అన్నా, మంచి ఇంజను దొరికినది, మన బండికి కూర్చుండునా?” యని అడుగును. కొన్న పిమ్మట అడుగు ప్రశ్నకు మంచి సమాధానము చెప్పుట యెవరికిని సాధ్యము కాదు.

ఇంటి పెద్దకోడలు పుట్టింటికి పోయిననాడు గాని, ఆమె యెన్ని పనులు చక్కబెట్టుచుండెనో ఇంటివారికి తెలియదు. పాత ఇంజను సంగతియు అట్టిదే. అది చక్రములను త్రిప్పుటయే గాక బ్రేకులకు గాలి నింపును, స్టీరింగునకు నూనె ఒత్తిడి నిచ్చును, బ్యాటరీకి విద్యుత్తు నిచ్చును. ఇన్నియు పేరు చెప్పుకొనక చేయుచుండును. దానిని దింపిననాడు ఈ పనులన్నియు దిక్కులేనివి యగును. క్రొత్తగా వచ్చు ఇంజను ఈ పనులలో దేనిని చేయగలదు, దేనిని చేయజాలదు అనునదే మొదటి ప్రశ్న కావలెను. బోల్టులు కలియుట, కలియకపోవుట రెండవ ప్రశ్న.

దీనికి మన దేశమున ఒక పాత నిదర్శనము కలదు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మటి యేండ్లలో మన దారులపై షెవ్రొలే, ఫోర్డు, ఫార్గో, బెడ్‌ఫర్డు మొదలగు పెట్రోలు లారీలు తిరుగుచుండెను. పెట్రోలు ఖర్చునకు ఓర్వలేక, వాటిలో పెక్కింటికి డీజిలు ఇంజనులు అమర్చిరి. ఇట్టి పనికి పేరువడినది పెర్కిన్సు పి6. ఇది 1937లో ఇంగ్లాండునందు వెలువడినది. ఆరు సిలిండర్లు, సుమారు 4.7 లీటర్లు. 1950ల దశకములో మదరాసులోని సింప్సన్ సంస్థ ఈ ఇంజనులను తయారుచేయుటతో అవి దక్షిణాదిన విరివిగా వ్యాపించినవి. ఆనాటివారికొక సౌకర్యముండెను. ఫలానా లారీకి ఫలానా పలక, ఫలానా మౌంటు అని పెర్కిన్సువారే మార్పిడి సామానును జతలుగా సిద్ధపఱచి అమ్ముచుండిరి. నేడట్లు కాదు. ఆ జతను కూర్చు భారము యజమానిపైనను, మేస్త్రీపైనను పడినది.

అయినను ఆ మార్పిడిలోనే ఒక చిక్కు దాగియుండెను. పెట్రోలు ఇంజనులో గాలిదారికి అడ్డముగ నొక మూత యుండును. అది మూసికొన్నప్పుడు మేనిఫోల్డులో శూన్యమేర్పడును. ఆ శూన్యమునే ఒక గొట్టముద్వారా తీసికొని బ్రేకు పెడలునకు సహాయము చేయునట్లు ఆ లారీలను నిర్మించిరి. డీజిలు ఇంజనులో శక్తిని పెంచుట, తగ్గించుట నూనె కొలతచే జరుగును గాని గాలిని బిగించుటచే గాదు. కొన్ని పాత డీజిలు ఇంజనులలో గవర్నరు కొఱకు గాలిదారిలో చిన్న మూత యున్నను, దాని శూన్యము బ్రేకులకు చాలదు. అందుచే ఇంజనుచే నడుపబడు ఎగ్జాస్టరు అను శూన్యపు పంపును వేఱుగా అమర్చవలసివచ్చెను. దానిని అమర్చని బండి చక్కగా స్టార్టగును, చక్కగా పరుగెత్తును, ఏ లోపమును కనబడదు. బరువుతో పల్లమునకు దిగి పెడలు నొక్కినప్పుడే అది ఱాయివలె బిగిసిన సంగతి తెలియును.

నేటి లారీలలో శూన్యమునకు బదులు ఒత్తిడిగల గాలి వచ్చినది. చిక్కు మాత్రము అదియే. పాత సామాను బజారులో దొరకు మంచి ఇంజనులలో కొన్ని లారీలనుండి వచ్చినవి కావు; విద్యుత్తు పుట్టించు జనరేటరులనుండి వచ్చినవి. ఇవి చూచుటకు శుభ్రముగా నుండును. గుంతలు, దుమ్ము ఎఱుగక నీడపట్టున పనిచేసినవి గావున అరుగుదలయు తక్కువగ నుండవచ్చును. ఇదే యజమానిని ఊరించు గుణము. కాని జనరేటరునకు బ్రేకులు లేవు గదా! అందుచే చాలమారులు అట్టి ఇంజనునకు గాలి కంప్రెషరు ఉండదు, స్టీరింగు పంపునకు చోటుండదు. మన దేశపు విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులది గావున సాధారణముగా ఆ ఇంజను నిమిషమునకు 1500 చుట్లకు బిగింపబడియుండును. గవర్నరు, డీజిలు పంపు ఆ వేగమునకే సవరింపబడినవి. వేగపు మరను విప్పి నాలుగు చుట్లు త్రిప్పినంత మాత్రమున అది లారీ ఇంజను కాజాలదు. పంపును పంపుషాపునకు పంపి, బల్లమీద నెక్కించి, లారీకి తగిన కొలతలకు మరల సవరింపవలెను.

మా యెఱుకలోని ఒక సంగతి చెప్పెదము. మనవారిలో నొకరు ఇట్టి జనరేటరు ఇంజనును తెచ్చి వేఱొకచోట బిగింపించుకొనిరి. బిగించినవారు ఏదో చిన్న కంప్రెషరును సంపాదించి బెల్టుతో త్రిప్పునట్లు అమర్చిరి. ఖాళీ బండితో ఊరిలో తిప్పిచూడగా గాలిముల్లు లేచినది, బ్రేకు పట్టినది, అందఱును సంతోషించిరి. పిమ్మట సరకు నింపికొని ధర్మపురి దాటి సేలము వైపు బయలుదేరిరి. ఆ దారిలో తొప్పూరు కనుమ యున్నది. అచ్చట బ్రేకులు చెడి జరిగిన ప్రమాదములను మనము పత్రికలలో చదువుచునే యున్నాము. కనుమ మొదటనే, నాలుగైదు మారులు బ్రేకు నొక్కునప్పటికి ముల్లు దిగజొచ్చెను. కంప్రెషరు నింపు గాలికంటె బ్రేకులు త్రాగు గాలి యెక్కువయ్యెను. డ్రైవరు వయసు మళ్లినవాడు, తొందరపాటు లేనివాడు. అప్పటికే తక్కువ గేరులో నున్నందున బండిని మెల్లగ ప్రక్కకు తీసి నిలిపి, చక్రములకు ఱాళ్లు పెట్టెను. ఎవరికిని హాని కలుగలేదు. అతడు కుఱ్ఱవాడై, పై గేరులో నుండినచో నేమయ్యెడిదో మీరే ఊహించుకొనుడు.

దీనికి విరుగుడుగా మేమొక పరీక్ష పాటించుచున్నాము. ఇందులకు గడియారము తప్ప మఱేమియు అక్కఱలేదు. పాత ఇంజను నడుచుచున్నదైనచో, దానిని దింపక పూర్వమే గాలి ట్యాంకులన్నింటిని ఖాళీ చేయుడు. ఇంజనును ఒక నిర్ణీత వేగమున నడిపి, గాలిముల్లు పనిగీతకు చేరుట కెన్ని నిమిషములు పట్టినదో వ్రాసికొనుడు. పిమ్మట ఇంజనును ఆపి, బ్రేకును పదిమారులు నొక్కి, ముల్లు ఎంత దిగినదో అదియు వ్రాసికొనుడు. క్రొత్త ఇంజను కూర్చుండిన పిమ్మట అదే పరీక్షను అదే వేగమున చేయుడు. కాలము హెచ్చినచో ఆ బండిని గేటు దాటనీయరాదు. కంప్రెషరు పరిమాణము సరియైనదే యైనను, ఇంజను పాతదానికంటె మెల్లగ తిరుగునదైనచో గాలి తగ్గునని మఱవరాదు. పాత ఇంజను ఇదివఱకే ఆగిపోయియున్నచో, అదే రకపు మఱొక మంచి లారీపై పరీక్ష చేసి ఆ లెక్క తెచ్చుకొనవచ్చును.

ఇక బోల్టుల సంగతి. మా ప్రాంతమున నేటికిని నీళ్ల ట్యాంకర్లుగను, ఇటుకల బండ్లుగను అక్కడక్కడ తిరుగుచున్న పాత టాటా 1210ని ఉదాహరణగా తీసికొందము. టాటావారు 1954లో జర్మనీ దేశపు డైమ్లరు బెంజి సంస్థతో కలిసి లారీలు నిర్మింప మొదలిడిరి. ఆ పొత్తు 1969లో ముగిసినను ఇంజనుల వంశము నిలిచినది. ఆ పేళ్లలో ఒక గుట్టు కలదు. 1210 అనగా సుమారు 12 టన్నుల మొత్తపు బరువు, సుమారు 100 అశ్వశక్తి. 692 ఇంజను అనగా 6 సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల వెడల్పు. 697 అనగా అదే 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల వెడల్పు. మొదటిదాని పిస్టను నడక 120 మిల్లీమీటర్లు, రెండవదానిది 128. అందుచే ఒకటి సుమారు 4.8 లీటర్లు, రెండవది సుమారు 5.7 లీటర్లు. 497 అనునది నాలుగు సిలిండర్ల తమ్ముడు. లేలండువారి లెక్క వేఱు. వారి 370, 400 అను అంకెలు ఘనపు అంగుళములు. అనగా సుమారు 6 లీటర్లు, 6.5 లీటర్లు.

ఈ పేళ్లు తెలిసినచో సామాను అమ్మువాడు మనలను మోసగించుట కొంత కష్టమగును. కాని పేరు చెప్పునది కడుపులోని కొలతను మాత్రమే. ఇంజను గేరుపెట్టెతో కలియు ముఖమును గూర్చి అది ఏమియు చెప్పదు. ఒకే వంశపు ఇంజనులైనను, ఒకే పేరుగల ఇంజనులైనను, వెనుకనుండు ఫ్లైవీలు హౌసింగు వేఱువేఱుగ నుండవచ్చును. కొన్ని ఇంజనులకు అమెరికా ఇంజనీర్ల సంఘమువారు నిర్ణయించిన ఎస్.ఏ.ఇ. కొలతలు వర్తించును. వాటిలో 1వ నంబరు హౌసింగునకు బోల్టుల వలయము 530.2 మిల్లీమీటర్లు, 2వ దానికి 466.7, 3వ దానికి 428.6, మూడింటికిని పండ్రెండేసి బోల్టులు. కమ్మిన్సు 6బి.టి. ఇంజను ఈ మూడు రకముల హౌసింగులతోను దొరకును. అందుచే “కమ్మిన్సు ఇంజను” అని చెప్పినంత మాత్రమున సరిపోదు; ఏ నంబరు హౌసింగు అని అడిగి, టేపుతో కొలిచి చూచుకొనవలెను. ఈ ప్రమాణమును అనుసరింపని ఇంజనులును పెక్కు గలవు. వాటికి పాత హౌసింగుపై మందపు అట్టను పఱచి, బోల్టు రంధ్రములను చేతితో ఒత్తి అచ్చు తీసికొనిపోవుటయే ఉత్తమము. ఈ అట్ట అచ్చు చూచి నవ్వినవారు బజారులో కొందఱుందురు. నవ్వనిండు.

రెండు ముఖముల నడుమ క్లచ్చి ప్లేటు యున్నది. దాని స్థితి చూడగా మాకు మన సంఘమే జ్ఞప్తికి వచ్చును. దాని వెలుపలి అంచు ఇంజనుది. ఫ్లైవీలు వెడల్పునకు సరిపోవలెను. దాని లోపలి పళ్లు గేరుపెట్టెవి; ఆ షాఫ్టు పళ్ల సంఖ్యకును, లావునకును సరిపోవలెను. ఇద్దఱి నడుమ నిలిచి ఇద్దఱి భాషయు మాటలాడవలసినది అదియే. పాత ప్లేటు ఒక వైపునకును, క్రొత్త ప్లేటు మఱియొక వైపునకును కలిసి, రెంటికిని కలియునది దొరకనప్పుడు, పాతదాని నడిమి హబ్బును తీసి క్రొత్తదానికి బిగింపించు అలవాటు కొన్నిచోట్ల గలదు. పని తెలిసిన షాపులో, సరియైన రివిట్లతో చేయించి, బ్యాలెన్సు చూపించినచో అది నిలుచును. వెల్డింగు పెట్టి అతికినది మాత్రము నిలువదు. అట్టిదానిని మేము ముట్టము.

గేరుపెట్టె షాఫ్టు ముక్కు ఇంజను వెనుకనున్న పైలట్ బేరింగులో కూర్చుండును. ముక్కు లావు, బేరింగు రంధ్రము సరిపోవలెననుట అందఱును ఎఱిగినదే. లోతును మాత్రము పలువురు మఱతురు. రెండు ముఖములు కలియక నడుమ 20 మిల్లీమీటర్ల మందముగల పలకను వేసితిరనుకొనుడు. షాఫ్టు ముక్కు బేరింగునుండి అంతే దూరము వెనుకకు జరుగును. బేరింగులో కూర్చుండవలసిన ముక్కు కొసమాత్రమే తగిలి యుండవచ్చును, లేదా అసలు తగులకయే పోవచ్చును. మొదటి నెల ఏమియు తెలియదు. పిమ్మట క్లచ్చి వదలినను గేరు పడక గొణుగును. తరువాత గేరుపెట్టె ముందు బేరింగు మ్రోగును. యజమాని గేరుపెట్టెను నిందించి దానిని విప్పించును. లోపము పలకలోనిదని ఎవరికిని తోచదు.

మఱియొకటి, వలయపు కేంద్రము. హౌసింగు రంధ్రపు కేంద్రము, క్రాంకు షాఫ్టు కేంద్రము ఒకే గీతలో నుండవలెను. ఫ్లైవీలుకు డయలు గేజిని తగిలించి, ఇంజనును చేతితో ఒక చుట్టు త్రిప్పి, హౌసింగు అంచుమీద ముల్లు ఎంత కదలునో చూడవలెను. తయారీదారు చెప్పిన హద్దు తెలిసినచో అదియే ప్రమాణము. తెలియనప్పుడు మేము మిల్లీమీటరులో ఐదవ వంతు, అనగా 0.20 దాటినచో ఒప్పుకొనము. ఊరి లేతులో త్రిప్పించిన పలకలలో ఈ హద్దును మీఱునవి తఱచుగా కనబడును. ముల్లు కదలికను కంటితో చూపింపుమని యజమాని అడుగవచ్చును. అడుగుట మేస్త్రీని అవమానించుట కాదు.

బోల్టుల మరలను గూర్చి ఒక మాట. టాటా, బెంజి వంశమువి మిల్లీమీటరు మరలు. పాత లేలండు, పెర్కిన్సు వంశమువి అంగుళపు మరలు. 3/8 అంగుళపు బోల్టును 10 మిల్లీమీటర్ల రంధ్రములో త్రిప్పినచో మొదట పట్టినట్లే తోచును. బరువు పడగానే మరలను తినివేయును. రెండు వంశముల సామాను కలిసిన బండిలో ఈ రెండు డబ్బాలను వేఱువేఱుగ నుంచుట మేలు.

తక్కినవి త్వరగా చెప్పెదము. సెల్ఫు మోటారు 12 వోల్టులదా, 24 వోల్టులదా యనియు, దాని పళ్లు ఫ్లైవీలు పళ్లతో కలియునా యనియు చూడవలెను. ఆయిల్ చాంబరు లోతైన భాగము ముందున్నదా, వెనుకనున్నదా చూడవలెను. బండి నిలిచియున్నప్పుడు ముందు ఆక్సిలు దానికి తగులకపోయినను, గుంతలో పడి కమాను కట్టలు నొక్కుకొన్నప్పుడు తగులవచ్చును. ఫ్యాను కేంద్రము రేడియేటరు నడుమకు రావలెను. టర్బోగల ఇంజను అయినచో పాత రేడియేటరు వేడి నోర్వజాలదేమో విచారింపవలెను. ప్రొపెల్లరు షాఫ్టు పొడవు మాఱినచో దానిని కోయించి అతికించిన పిమ్మట తప్పక బ్యాలెన్సు చేయింపవలెను.

వేగపు లెక్క మాత్రము త్వరగా వదలరాదు. పాత ఇంజను నిమిషమునకు 2800 చుట్ల వఱకు తిరుగునదనియు, వెనుక ఆక్సిలు నిష్పత్తి 6.83 అనియు, చక్రము ఒక్క చుట్టునకు సుమారు 3.1 మీటర్లు పోవుననియు అనుకొందము. పై గేరు నేరుగా నుండునదైనచో అప్పుడు బండి గంటకు సుమారు 76 కిలోమీటర్లు పోగలదు. క్రొత్త ఇంజను 2500 చుట్లదైనచో అదే ఆక్సిలుతో సుమారు 68 మాత్రమే. డ్రైవరు దీనిని బలహీనతయని భ్రమించి పంపు సీలు విప్పుమని కోరును. ఇంజను బలహీనమైనది కాదు, నిష్పత్తి వేఱు. ఆ 8 కిలోమీటర్ల కొఱకు ఇంజనును దాని హద్దు దాటి త్రిప్పుట అప్పుచేసి కొన్న వస్తువును చేతులార కాల్చివేయుటయే. ఎదురు సంగతియు గలదు. క్రొత్త ఇంజను పాతదానికంటె ఎక్కువ బలముగలదైనచో, ఆ బలమును మోయవలసినది పాత గేరుపెట్టె, పాత జాయింట్లు, పాత క్రౌను పినియను. ముందు బలపఱచినది వెనుక విఱుగును. కావున బలమైన ఇంజనుపై మోజుగలవారు గేరుపెట్టె వెలను సైతము కలుపుకొని లెక్కవేయవలెను.

ఇంతవఱకు ఇనుము సంగతి. ఇక కాగితము సంగతి. మనలో చాలమంది దీనిని తుదకు వదలుదురు. మా అభిప్రాయమున దీనిని బయానాకు ముందే చూడవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు మొదట నిర్ణయించిన వివరములకును, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకును భేదము కలుగునట్లు బండిని మార్చరాదు. పది రవాణా బండ్లకు తక్కువ గాక కలవారికి ముందు అనుమతి లేకయే ఇంజను మార్చుకొను వెసులుబాటు ఇయ్యవచ్చునని చట్టము చెప్పుచోట సైతము, అది అదే తయారీ, అదే రకపు ఇంజను విషయముననే. అట్లు మార్చిన పిమ్మట 14 దినములలోపల రిజిస్ట్రేషను అధికారికి తెలిపి, పత్రము నిచ్చి, వివరము లెక్కింపించుకొనవలెను. ఒకటి రెండు బండ్లు మాత్రమే గల మనవంటివారు ముందుగనే అనుమతి పొందవలెను. తయారీదారు వివరములకు విరుద్ధమగు మార్పులు చెల్లవని సుప్రీముకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పినది. అదే యేట చట్టమును సవరించి, అనుమతింపబడని ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వఱకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చునని చేర్చిరి.

కర్ణాటకమున నున్నను, ఒడిశాలో నున్నను, షోలాపురమున నున్నను, యానాములో నున్నను మనవారికందఱికి ఈ చట్టము ఒక్కటే. ఎనిమిదేండ్లు దాటిన సరకు బండిని ఏటేట ఫిట్‌నెస్ పరీక్షకు నిలుపవలెను గదా. అచ్చట ఇంజను నంబరు పత్రముతో కలియనిచో, తొప్పూరు కనుమ దాటి వచ్చిన బండియైనను ఆ గేటు దాటజాలదు. ప్రమాదము జరిగిననాడు బీమావారు సైతము మొదట చూచునది ఆ నంబరునే. అందుచే 1210లో కమ్మిన్సు పెట్టవలెనను కోరికగలవారు పాత సామాను బజారునకు పోవుటకంటె ముందు ఆర్.టి.ఓ. కార్యాలయమునకు పోవలెను. అచ్చట కాదన్నచో ఆ కోరికను అచ్చటనే విడిచి రండు. అదే తయారీ, అదే రకము దొరకించుకొనుటకు మఱి రెండు నెలలు పట్టినను నష్టము తక్కువ.

చెన్నపురి పుదుపేటకు గాని, విజయవాడ ఆటోనగరునకు గాని పోయి పాత ఇంజను కొనువారు దానిని ఒంటిగా కొనరాదు. దాని ఫ్లైవీలు, హౌసింగు, క్లచ్చి కప్పు, సెల్ఫు మోటారు, కంప్రెషరు, మౌంట్లు, బ్రాకెట్లు, బోల్టులతో సహా ఏ లారీనుండి దిగినదో ఆ లారీ సామాను మొత్తముగ కొనవలెను. బేరము కొంత హెచ్చగును. కాని నాలుగు బోల్టుల బ్రాకెట్టు ఒకటి దొరకక మూడు వారములు షెడ్డులో నిలిచిన లారీని మేము చూచితిమి. ఆ మూడు వారముల కిరాయి నష్టము ముందు ఆ బేరపు తేడా లెక్కలోనిది కాదు. ఇంజను నంబరు చెక్కిన చోట ఆకురాయి గీతలున్నచో, మాఱుమాట లేక వెనుదిరుగుడు. బిల్లుపై ఇంజను నంబరు, అది దిగిన బండి నంబరు రెండును వ్రాయింపుడు. బండిని తుక్కునకు వేసిన పత్రపు నకలును అడుగుడు. ఇయ్యనివాని ఇంజను ఎంత చవకయైనను ఖరీదైనదే.

కొలతల పుస్తకమును గూర్చి చెప్పి ముగించెదము. పాత ఇంజనును దింపక పూర్వమే తీసికొనవలసిన కొలతలు మా లెక్కలో ఇరువదికి మించియున్నవి. మా పెద్దలు వాటిని మనసులో నిలుపుకొనుచుండిరి. వారు పోయిన పిమ్మట ఎంతో తెలివి వారితోనే పోయినది. ఇప్పుడు మా షెడ్డులో ప్రతి బండికి ఒక పుట కేటాయించి, తెలుగు లిపిలోనే వ్రాయుచున్నాము. తమిళనాట 2006 నాటి తమిళ బోధన చట్టము పిమ్మట మన పిల్లలు బడిలో ఏ భాష చదువవలెనను చిక్కు మీకందఱికి తెలిసినదే. షెడ్డులో పని నేర్చుకొను కుఱ్ఱవాండ్రలో ఇద్దఱు ఈ పుస్తకము మూలముననే అక్షరములు కూడబలుకుకొనిరి. “ఫ్లైవీలు” అను మాట వ్రాయుటకు వారు పడిన పాట్లు చూడవలసినదే. ఒకడు ఫకారమునకు ఒత్తు పెట్టలేక, “చక్రము” అని వ్రాసి, ప్రక్కన బొమ్మ గీచెను. బొమ్మ కొలతతో సహా సరిగా నున్నది గావున మేము దిద్దలేదు.

ఆ కొలతల పట్టికను పత్రిక కార్యాలయమున ఇచ్చియున్నాము. చోటు దొరకినచో రాబోవు సంచికలో అచ్చువేయుదురు. మా డయలు గేజి ఒకటి సంఘపు గదిలో నుంచితిమి. కావలసిన సభ్యులు సంతకము చేసి తీసికొనిపోవచ్చును. తిరిగి తెచ్చునప్పుడు పెట్టెతోను, అయస్కాంతపు పీటతోను కలిపి తెచ్చి యిచ్చుడు.